ఆవకాయ నూనెలో ఉప్పు ఎందుకు కరగదు? కారం ఎరుపు మాత్రం నూనెకే ఎందుకు ఎక్కుతుంది?

జాడీమూత:

పెళ్ళయ్యాక మొదటిసారి సొంతంగా ఆవకాయ పెట్టాను. అమ్మ పాలకొల్లులో, నేను మియాపూర్‌లో, వ్యవహారమంతా వీడియో కాల్‌లోనే నడిచింది. అమ్మ చెప్పిన వరస ఏంటంటే కారం, ఆవపిండి, ఉప్పు పొడిపొడిగా కలుపుకుని, ముక్కల్ని నూనెలో ముంచి తీసి ఆ పిండిలో దొర్లించి జాడీలోకి వేసేయడం. నేనేమో అన్ని ముక్కలకీ ఉప్పు సమానంగా పట్టాలని తెలివి ఉపయోగించి, ముందే దాన్ని పప్పునూనెలో కరిగించి పెట్టుకుందాం అనుకున్నా. అరగంట తిప్పాను. గరిట అరిగింది గానీ ఉప్పు కరగలేదు. మిక్సీ పట్టిన మెత్తటి ఉప్పే, అయినా గిన్నె అడుగున ఇసకలా కూర్చుంది. కొంచెం నూనె విడిగా తీసి వేడి చేసి కూడా చూశా, అదే కథ.

అమ్మకి చెబితే "నూనెలో ఉప్పు కరుగుతుందటే ఎక్కడైనా" అని నవ్వింది. ఎందుకు కరగదమ్మా అంటే మాత్రం "కరగదంతే".

అసలు డౌటు మూడో రోజు తిరగకలిపేటప్పుడు వచ్చింది. పైకి తేలిన నూనె కుంకుమలా ఎర్రగా ఉంది, వేలితో నాకి చూస్తే కారం, ఘాటు అదిరిపోయాయి, ఉప్పు మాత్రం లేనట్టే. అడుగున ఉన్న ఊట తీసి చూస్తే ఉప్పు కషాయం. ఒకే జాడీలో పక్కపక్కనే ఉండి ఇలా వాటాలు పంచుకున్నాయి! తర్వాత చేతులు కడుక్కుంటే ఎరుపూ పోలేదు, మంటా పోలేదు, ఎన్ని నీళ్ళు పోసినా దండగ.

స్కూల్లో "సజాతి పదార్థాలు సజాతి ద్రావణుల్లో కరుగుతాయి" అని బట్టీ పట్టిన గుర్తు. అయితే ఉప్పు రాయిలాంటిది, నీళ్ళు నీళ్ళు, ఈ రెండూ ఒక జాతి ఎలా అయ్యాయి? నూనె కూడా నీళ్ళలాగే ద్రవమే కదా, అది వేరే జాతి ఎలా అయింది? జాతి అంటే ఏంటసలు? మార్కుల కోసం రాసే జవాబు కాకుండా అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా?

రాళ్లవాగు:

నూనె తేలిక, నీళ్ళు బరువు. సాంద్రత తేడా వల్ల కలవవు. దీనికింత పోస్టా.

పిపెట్‌మాస్టారు:

రాళ్లవాగు గారూ, ఈ జవాబు నా ఇంటర్ పిల్లలు కూడా ఏటా రాస్తారు, నేను ఏటా కొట్టేస్తాను, ఏమీ అనుకోకండి. సాంద్రత తేల్చేది ఏది పైన ఉంటుంది, ఏది కింద ఉంటుంది అన్నదే. కలుస్తుందా కలవదా అన్నది దాని పరిధి కాదు. స్పిరిట్ నీళ్ళకంటే తేలిక, ఆ మాటకొస్తే నూనెకంటే కూడా తేలిక, అయినా నీళ్ళలో ఏ పాళ్ళలో పోసినా కలిసిపోతుంది. పైగా 50 మి.లీ. నీళ్ళలో 50 మి.లీ. ఆల్కహాల్ పోస్తే 100 రాదు, సుమారు 96 వస్తుంది, అంత దగ్గరగా ఇమిడిపోతాయి. క్లోరోఫాం నీళ్ళకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, కలవదు, అడుక్కి పోయి కూర్చుంటుంది.

జాడీమూత గారూ, మీ ప్రశ్న చాలా బావుంది, ముఖ్యంగా ఆ "జాతి అంటే ఏంటి" అన్నది. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు నూనెకీ నీళ్ళకీ "పడదు" అన్న మాట పక్కన పెడదాం. వాటి మధ్య శత్రుత్వం ఏమీ లేదు. వానాకాలం రోడ్డు మీద నీళ్ళ మడుగులో డీజిల్ చుక్క పడితే ఇంద్రధనస్సు రంగుల్లో పల్చగా పరుచుకుంటుంది చూశారా? నిజంగా పడకపోతే ముడుచుకుని బొట్టులా ఉండాలి గానీ అంత పల్చగా ఎందుకు పాకుతుంది? చిక్కంతా నీళ్ళకి నీళ్ళంటేనే విపరీతమైన ప్రేమ కావడం.

నీటి అణువులో ఆక్సిజన్ ఉన్న వైపు కాస్త రుణావేశం, రెండు హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం ఉంటాయి. అందుకని ఒకదాని హైడ్రోజన్ పక్కదాని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, వెంటనే వదిలేస్తుంది, ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఊళ్ళో కోలాటం గుర్తు తెచ్చుకోండి, ఒకరి కోల ఇంకొకరి కోలకి తగలాలి, తగిలాక తిరిగి మరొకరి దగ్గరికి పోవాలి. గ్లాసుడు నీళ్ళంటే అలాంటి కోలాటం, ఆగకుండా.

ఇప్పుడు ఆ గుంపు మధ్యలోకి చేతిలో కోలలు లేని మనిషి వచ్చి నిలబడ్డాడనుకోండి. నూనె అణువు దాదాపు అలాంటిదే. పొడవాటి కార్బన్, హైడ్రోజన్ గొలుసులు, వాటి మీద ఆవేశం ఎటూ ఒరగకుండా ఇంచుమించు సమంగా ఉంటుంది, పట్టుకోవడానికి నీళ్ళకి ఏమీ దొరకదు. అతని చుట్టూ ఉన్నవాళ్ళు అటు వైపు కోల కొట్టలేరు కాబట్టి మిగతా వైపులకే తిరిగి ఆడాలి, వాళ్ళ కదలికలకి స్వేచ్ఛ తగ్గిపోతుంది. అలాంటివాళ్ళు వంద మంది వందచోట్ల నిలబడితే ఆట మొత్తం పాడవుతుంది. అదే వంద మందినీ ఒక మూలకి చేరిస్తే, ఇబ్బంది ఆ మూల అంచున ఆడేవాళ్ళకి మాత్రమే. జాడీలో నూనె పైన ఒక పొరగా చేరడం అంటే ఇదే. నూనెని ఎవరూ తిట్టి పంపలేదు, ఆట తనకి తానే అలా సర్దుకుంది. పుస్తకంలో ఈ స్వేచ్ఛ లెక్కనే ఎంట్రోపీ అని రాస్తారు.

స్పిరిట్ చేతిలో ఒక్క కోల ఉంది, ఆక్సిజన్‌కి తగిలించుకున్న ఒక హైడ్రోజన్. వెనకాల రెండే కార్బన్లు. కాబట్టి ఆటలోకి దిగిపోతుంది. అదే ఒక్క కోల ఉండి వెనక కార్బన్ల తోక పెరుగుతూ పోతే కలిసే గుణం తగ్గుతూ వస్తుంది. నాలుగు కార్బన్ల బ్యూటనాల్ కొంతవరకే కరుగుతుంది, ఎనిమిది కార్బన్లకి వచ్చేసరికి నామమాత్రం. పంచదార అణువు పెద్దదే గానీ దాని చేతిలో ఎనిమిది కోలలు! అందుకే కాఫీలో అలా కరిగిపోతుంది, నూనెలో మాత్రం ఇసకే.

ఇక ఉప్పు. దానిది వేరే రకం లెక్క. అది సోడియం ధన అయాన్లు, క్లోరైడ్ రుణ అయాన్లు, అంటే ఆవేశం ఉన్న కణాలు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కట్టిన గోడ. ఎంత గట్టిగా అంటే ఉప్పుని ద్రవంగా చేయాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి, మీరు బాండీలో పెట్టిన వేడి దానికో లెక్క కాదు. మరి ఆ గోడని చల్లటి నీళ్ళు ఎలా కూల్చేస్తున్నాయి? నీటి అణువులు ప్రతి అయాన్ చుట్టూ తగిన వైపు తిప్పుకుని మూగుతాయి, సోడియం వైపు ఆక్సిజన్లు, క్లోరైడ్ వైపు హైడ్రోజన్లు. అలా చుట్టేయడం వల్ల రెండు ఆవేశాల మధ్య ఆకర్షణ, ఖాళీ ప్రదేశంలో ఉండేదానితో పోలిస్తే, నీళ్ళలో సుమారు 80వ వంతుకి పడిపోతుంది. వంటనూనెలో అయితే మూడో వంతుకి మాత్రమే తగ్గుతుంది. మీరు అరగంట తిప్పినా, అరరోజు తిప్పినా ఆ మూడో వంతు పట్టు వదలదండి.

డబ్బు లెక్కలా చూస్తే ఇంకా బావుంటుంది. ఒక మోల్ ఉప్పు, అంటే 58 గ్రాములు, దాని అయాన్లని పూర్తిగా విడదీయడానికి 788 కిలోజౌళ్ళు ఖర్చు. నీళ్ళు వాటిని చుట్టుకున్నందుకు తిరిగి వచ్చేది 784. అంటే నాలుగు తక్కువ పడుతోంది! నష్టపు బేరమే, అందుకే ఉప్పు కరిగేటప్పుడు నీళ్ళు కాస్త చల్లబడతాయి. ఆ నాలుగు లోటునీ భర్తీ చేసేది అయాన్లు చెల్లాచెదురుగా తిరగడానికి దొరికిన స్వేచ్ఛ. నూనెలో 788 ఖర్చు అలాగే ఉంటుంది, రాబడి మాత్రం దానికి దరిదాపుల్లో కూడా రాదు.

కాబట్టి జాతి అంటే రాయా, ద్రవమా అని కాదు, అణువుల్లో ఆవేశం ఎలా పంచుకుని ఉంది అన్నది. ఆ లెక్కన ఉప్పూ నీళ్ళూ చుట్టాలే. కారంలో ఎరుపునిచ్చే కాప్సాంథిన్ 40 కార్బన్ల పొడవాటి అణువు, అంత పొడుక్కీ ఆక్సిజన్లు మూడే, అందుకని నూనె పక్షం. మంటపుట్టించే కాప్సైసిన్ కూడా ఇంచుమించు అంతే, అందుకే మీ చేతి మంట నీళ్ళకి లొంగలేదు. ఈసారి ముందు కాస్త నూనె రాసుకుని తుడిచి, తర్వాత సబ్బు పెట్టండి. సబ్బు అణువుకి ఒక చివర ఆవేశం ఉంటుంది, మిగతాదంతా నూనెలాంటి తోక. తోకతో నూనెని పట్టుకుని తలతో నీళ్ళలో కలుస్తుంది.

ఇంకొకటి, కారం పొడి నూనెలో "కరగలేదు". అందులోని ఎరుపూ మంటా మాత్రమే నూనెలోకి దిగాయి, పిప్పి అలాగే ఉంది. ఈ తేడా పరీక్షల్లో కూడా అడుగుతారు, ఊరికే చెప్తున్నా.

రాళ్లవాగు:

సరే మాస్టారూ, కొట్టేశారు, ఒప్పుకున్నా. కోలాటం బావుంది.

బ్రష్షుబాబాయ్:

మాది పెయింటింగ్ పని, ఇరవయ్యేళ్ళు. ఇంత సైన్సు తెలీదు గానీ ఈ కలిసేది కలవనిది తెలీకపోతే మా పొట్ట గడవదు. ఎనామిల్ పెయింటు బ్రష్షుని నీళ్ళలో పెడితే గట్టిపడి చెత్తబుట్టకే, దానికి టర్పెంటైన్ కావాలి. గోడలకి వేసే ఎమల్షన్‌కి నీళ్ళు చాలు. కానీ ఒకసారి ఆరిపోయిందంటే అదే ఎమల్షన్ నీళ్ళకి కదలదు, లేకపోతే వర్షానికి ఇళ్ళన్నీ తెల్లబోయేవి. మాస్టారు గారూ ఇదెందుకో చెప్పండి, నాకూ ఎప్పట్నుంచో డౌటు.

ఇంకో సంగతి. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు థిన్నర్‌ని టీ తాగే థర్మాకోల్ గ్లాసులో పోసుకుని స్టూలెక్కాడు. పైకి వెళ్ళేలోపు గ్లాసు అడుగు మాయం, థిన్నర్ మొత్తం ఓనరు గారి సోఫా మీద. అదే గ్లాసులో పొగలు కక్కే టీ పోస్తే ఏమీ కాదు. ఆ నెల మా ఇద్దరి కూలీ సోఫా కవర్లకే పోయింది.

పిపెట్‌మాస్టారు:

బాబాయ్, సోఫా సంగతికి నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది. థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్, అదీ కార్బన్ హైడ్రోజన్ గొలుసే, కోలలు లేని బ్యాచ్. థిన్నర్‌లో ఉండే టోలీన్ లాంటివి దాని గొలుసుల మధ్య దూరి విడదీసేస్తాయి. పైగా థర్మాకోల్‌లో ఎక్కువ భాగం గాలే కాబట్టి చూస్తుండగానే మాయమైనట్టు ఉంటుంది. టీ ఎంత వేడిగా ఉన్నా నీళ్ళే కదా, గొలుసుల మధ్యకి పోదు.

ఎమల్షన్ పెయింటు డబ్బాలో ఉన్నప్పుడు కూడా నీళ్ళలో కరిగి లేదు, పాలలో వెన్నలాగా సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది. నీళ్ళు ఆరిపోయాక ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఒకే పొర అయిపోతాయి. పెరుగు చిలికి వెన్న తీశాక ఆ ముద్దని మళ్ళీ మజ్జిగలో కలపగలరా? అదే ఇది.

జాడీమూత:

మాస్టారూ, కోలాటం మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఇంకొక డౌటు, విసుక్కోకండి. అయాన్లు అంటే నీళ్ళ చుట్టాలన్నారు కదా. సుద్దరాయి కూడా అయాన్లే అంటున్నారు, కాల్షియం కార్బొనేట్. మరి అది నీళ్ళలో కరగదే? మా గీజర్ కాయిల్‌కి తెల్లగా పేరుకునేదీ అదేనంట, అంటే నీళ్ళలో ఉన్నట్టే కదా? కరిగిందా కరగలేదా?

పిపెట్‌మాస్టారు:

ఆ సూత్రం తెగిపోయే చోటు పట్టుకున్నారు. చుట్టరికం ఉంటే చాలదు, లెక్క కూడా కుదరాలి. ఉప్పులో అయాన్లకి ఒక్కొక్క ఆవేశమే. సుద్దలో కాల్షియంకి రెండు, కార్బొనేట్‌కి రెండు, అంటే అదే దూరంలో పట్టు నాలుగు రెట్లు. నీళ్ళు చుట్టుకుని ఇచ్చే రాబడి కూడా అలాగే పెరిగి ఆ ఖర్చుని పూడ్చేస్తుంది, చిక్కు అక్కడ లేదు. అంత ఆవేశం ఉన్న అయాన్లు తమ చుట్టూ నీటి అణువుల్ని బిగబట్టి కూర్చోబెట్టేస్తాయి, వాటి స్వేచ్ఛ పోతుంది. ఉప్పుకి కలిసొచ్చిన ఎంట్రోపీ ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఇలా కరగకపోవడం ఒక్కోసారి ప్రాణాలు కాపాడుతుంది కూడా. బేరియం అయాన్లు విషం, కానీ బేరియం సల్ఫేట్‌ని పొట్ట ఎక్స్‌రే తీసే ముందు గ్లాసుడు తాగిస్తారు. కరగదు కాబట్టి ఒంటికి పట్టదు, అలాగే బయటికి పోతుంది.

గీజర్ కథ వేరు. నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉంటే సున్నపురాయి (అదీ కాల్షియం కార్బొనేటే) దానితో చర్య జరిపి బైకార్బొనేట్‌గా మారి కరుగుతుంది. అది కరగడం అనడం కంటే మారి కరగడం అనాలి. మీ బోరు నీళ్ళలో ఉన్నది అదే. గీజర్ వేడి చేయగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, కార్బొనేట్ మళ్ళీ రాయిగా కాయిల్ మీద దిగుతుంది. అరకు వెళ్ళేదారిలో బొర్రా గుహలు చూసుంటారు, అక్కడ పై నుంచి వేలాడే రాళ్ళు కూడా ఈ కథలో భాగమే, గీజర్ లేదు కాబట్టి చుక్క చుక్కగా, వేల ఏళ్ళు పట్టింది.

వేడి చేస్తే ఏదైనా ఎక్కువ కరుగుతుందన్నది కూడా సగమే నిజం. 100 గ్రాముల నీళ్ళలో మామూలు వేడి దగ్గర పంచదార 200 గ్రాముల దాకా కరుగుతుంది, మరిగే నీళ్ళలో 480 దాటుతుంది. ఉప్పు 36 నుంచి 39కి మాత్రమే పెరుగుతుంది. అందుకే పంచదార పాకం పట్టగలం, ఉప్పు పాకం పట్టలేం. సున్నం అయితే పూర్తిగా రివర్స్, వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది.

మందులకొట్టు:

మా కౌంటర్ దగ్గర రోజూ నడిచేది ఇదే. టించర్ అయోడిన్ ఆల్కహాల్‌తో చేసింది ఎందుకంటే అయోడిన్ ఉత్త నీళ్ళలో నామమాత్రంగానే కరుగుతుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వు పక్షం, అందుకే డి విటమిన్ భోజనంతోనో పాలతోనో వేసుకోమంటారు. సి, బి లు నీళ్ళ పక్షం, ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. చాలామంది డి సాచెట్‌ని పొద్దున్నే ఉత్త నీళ్ళలో కలుపుకుని తాగేసి నాలుగు నెలల తర్వాత "ఏం పెరగలేదండీ" అంటూ వస్తారు.

పెరటిమామిడి:

అమ్మాయ్, ఇంత సైన్సు చదివాను గానీ మీ అమ్మ చెప్పిన వరసలో ఉన్న కిటుకు ఎవరూ చెప్పలేదు. ఉప్పు ముందే కరిగిపోకూడదు. పొడి ఉప్పు ముక్కకి అంటుకుంటేనే అది ముక్కలోని నీరు బయటికి లాగుతుంది, ఆ నీరే ఊట, ఆ ఊటలోనే ఉప్పు కరిగి మళ్ళీ ముక్కలోకి దిగుతుంది. మూడో రోజు తిరగకలపమనేది ఆ ఊట పైకీ కిందకీ అన్ని ముక్కలకీ తగలాలని. సమానంగా పట్టే పని ఊట చూసుకుంటుంది, దానికి నీ గరిట అక్కర్లేదు.

ఇంకోటి విను. ఆవపిండిని ఉత్త నూనెలో కలిపి పెట్టి చూడు, ఘాటెక్కదు. కాస్త తడి తగలాలి. మా అత్తగారు పచ్చళ్ళలోకి ఆవ నూరేటప్పుడు నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించేవారు, ముక్కుకి అంటేదాకా నూరేవారు. ఆవకాయలో ఆ తడి ఊటే ఇస్తుంది. ఎందుకో మాస్టారు గారే చెప్పాలి.

పిపెట్‌మాస్టారు:

అమ్మా, నమస్కారం. మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, ఇది నేను ముందే రాసి ఉండాల్సింది. ఆవగింజలో ఘాటు ముందే తయారుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకోచోట ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలితేనే రెండూ కలిసి ఘాటునిచ్చే నూనెలాంటి పదార్థం పుడుతుంది. పుట్టడానికి నీళ్ళు కావాలి, పుట్టాక అది నీళ్ళలో అంతగా ఉండదు, నూనెలోకి పోతుంది. జాడీమూత గారు నాకి చూసిన నూనెలో ఘాటు అదే.

జాడీమూత:

పెరటిమామిడి అత్తయ్యగారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపిస్తే "నేను చెప్పలా" అంది. చెప్పలేదు! "కరగదంతే" అంది.

నిన్న రాత్రి గాజు గ్లాసులో సగం నీళ్ళు, పైన నాలుగు చెంచాల పప్పునూనె పోసి, చెంచా కారం, చెంచా ఉప్పు వేసి గిలక్కొట్టి వదిలేశాను. పొద్దున్నకి పైన నూనె నారింజ ఎరుపు, కింద నీళ్ళు లేత రంగులో, అడుగున పిప్పి, ఉప్పు ఎక్కడా కనపడలేదు. స్ట్రా ముంచి కింద నీళ్ళు రుచి చూశా, ఉప్పు కషాయం. ఫోటో తీసేలోపే మా ఆయన పైన నూనె వంచుకుని ఇడ్లీలో వేసుకున్నాడు. ఉప్పు చాలలేదట.